గ్రామసభ పోయింది, వార్డు కమిటీ వచ్చింది: గ్రేటర్ వరంగల్‌లో లెక్క అడిగే హక్కు కథ

2021 వరంగల్‌కు పెద్ద ఏడాది. ఏప్రిల్ 30న నగర కార్పొరేషన్‌లోని 66 డివిజన్లకు, అంటే వార్డులకు, ఎన్నికలు జరిగాయి. జులై 25న రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది. మరుసటి ఏడాది, 2022 సెప్టెంబరులో, యునెస్కో లెర్నింగ్ సిటీల జాబితాలోనూ మన పేరు చేరింది. ఇవన్నీ గర్వపడాల్సినవే, నేనూ పడ్డాను. అయితే ఆ ఎన్నికలప్పుడు మా గల్లీలో పెద్దవాళ్లు అడిగిన ప్రశ్న ఇంకోటి: "మా ఇంటిపన్ను పైసలు దేనికి పోతున్నయో మాకు ఎక్కడ చెప్తరు?"

మాది గ్రేటర్‌లో కలిసిన ఊరు. పంచాయతీ ఉన్న రోజుల్లో గ్రామసభకు ముందు సాయంత్రం డప్పు చాటింపు వేసేవారు. తెల్లారి వేపచెట్టు కింద కారోబార్, అంటే పంచాయతీ గుమస్తా, రిజిస్టరు తెరిచి, వచ్చినదీ ఖర్చయినదీ పద్దు పద్దు చదివేవాడు. బోరు మోటరు రిపేరు దగ్గరికి రాగానే ఎవరో ఒకరు లేచేవారు. "మోటరు కాలింది ఒక్కసారే గదా, బిల్లులు రెండెట్లున్నయ్?" సర్పంచ్ జవాబు చెప్పేదాకా తర్వాతి పద్దు చదవనిచ్చేవారు కాదు. అరుపులుండేవి, కులాన్ని బట్టి ముందు వరస వెనక వరస ఉండేది, ఆడవాళ్లు చాలామంది పక్క అరుగుల మీద నిలబడే వినేవారు. ఆ లోపాలన్నీ నిజమే. అయినా లెక్క ఊరి ముందు పడేది.

దీనికి చట్టం బలం 1993లో వచ్చింది. ఆ ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభ అంటే ఊరి ఓటర్లందరూ అని చెప్పింది. జూన్ 1న అమలైన 74వ సవరణ పట్టణాలకు. అందులో 3 లక్షలు, అంతకు పైగా జనాభా ఉన్న చోట్ల వార్డు కమిటీలు ఉండాలన్నారు కానీ, ఓటర్లందరూ కూర్చునే సభ ఊసే లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే పడింది.

1899లో మున్సిపాలిటీ అయిన వరంగల్, 1994లో కార్పొరేషన్ అయింది. చుట్టుపక్కల 42 ఊళ్లతో 2015 జనవరిలో గ్రేటర్ అయింది. మడికొండ, హసన్‌పర్తి, మామునూరు, పైడిపల్లి, గొర్రెకుంట ఇప్పుడు నగరమే. రోడ్లు, లైట్లు వస్తాయన్న ఆశ అందరికీ ఉండేది. పంచాయతీతో పాటు గ్రామసభ కూడా పోతుందని మాత్రం మాలో ఎవరూ ఆలోచించలేదు.

అదే ఏడాది ఆగస్టు 17న ప్రభుత్వం ఊళ్ల అభివృద్ధి కోసం గ్రామజ్యోతి కార్యక్రమాన్ని గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో ప్రారంభించింది. ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నారంటే, అక్కడ ఊరిపని ఊరే చేసుకుంటుంది. 1982 నుంచే మద్యం మానేసిన ఊరది. నీళ్లకు, పారిశుద్ధ్యానికి, ఇలా ఒక్కో పనికి ఒక్కో కమిటీ. 2007లో పారిశుద్ధ్యానికి ఇచ్చే నిర్మల్ గ్రామ పురస్కారం అందుకుంది. గ్రేటర్‌లో కలిసిన గొర్రెకుంట కూడా గీసుగొండ మండలంలోదే. ఒకే మండలంలో ఒక ఊరు గ్రామసభతో రాష్ట్రానికి ఆదర్శమైతే, ఇంకో ఊరికి గ్రామసభే లేకుండా పోయింది.

2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామాల్లో రెండు నెలలకోసారి సభ పెట్టాలంది. 2019 మున్సిపల్ చట్టం పట్టణాలకు వార్డుకు నాలుగు కమిటీలు ఇచ్చింది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది, మొత్తం 60. వేల ఓటర్లున్న డివిజన్‌లో వీళ్లు పాలకవర్గం ఎంపిక చేసినవాళ్లు. ఊరందరికీ ఉన్న హక్కు ఇప్పుడు 60 మందిదైంది. వాళ్లు చురుగ్గా ఉంటే మేలే, నేను కాదనను. కానీ మిగతావాళ్లకు సమాచార హక్కు అర్జీ, సోమవారం అధికారులకు ఫిర్యాదులిచ్చే ప్రజావాణి, అంతే మిగిలాయి. నిజానికి 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ఎవరూ అడగకముందే వివరాలు బయట పెట్టమంటుంది. డివిజన్ పనుల బిల్లులు, కాంట్రాక్టరు పేరు, గడువు రాసిన బోర్డు గల్లీ మూలన పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

మా వేపచెట్టు ఇంకా ఉంది. మొన్న దాని కింద కూర్చున్న మా పక్కింటి తాత, డివిజన్ మీటింగ్ ఎప్పుడని అడిగాడు. చాటింపు లేదు కదా, ఎట్లా తెలుస్తది తాతా అన్నాను. "మరి డప్పు కొట్టమని చెప్పరాదు?" అన్నాడు.