మ్యాక్స్ సొసైటీల్లో డబ్బు కట్టినవాళ్లంతా సభ్యులేనా?

ఎక్కడో ఒక సహకార సొసైటీ తలుపులు మూయడం, డిపాజిట్‌దారులు బాండ్లు చేతబట్టుకుని రోడ్డెక్కడం, ఆ వెంటనే అందరూ 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టాన్ని తిట్టడం. ఇది మనకు అలవాటైపోయింది. జనం దాన్ని మ్యాక్స్ చట్టం అంటారు. ‘సర్కారు పట్టు వదిలేసింది కాబట్టే దోచుకున్నారు, రద్దు చేయండి’ అన్న మాట మళ్లీ వినిపిస్తోంది. కోపం న్యాయమైనదే, గురే తప్పింది.

1904 నుంచి మొదలుపెట్టి సహకార చట్టాల కథంతా ఇక్కడ అక్కర్లేదు. 1964 చట్టం కింద సంఘాలు ఎలా నడిచాయో పల్లెల్లో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. వాటాధనంలో సర్కారు డబ్బు, దాని వెనకాలే సర్కారు పెత్తనం. ఎన్నికలు వాయిదా పడేవి, ఎన్నికైన పాలకవర్గం స్థానంలో సర్కారు వేసిన పర్సన్ ఇన్‌చార్జి వచ్చి కూర్చునేవాడు.

1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం దీన్ని తిరగేసింది. సర్కారు వాటా ఉండకూడదు. పాత సంఘాలు ఆ వాటా తిరిగి కట్టేసి ఇటు మారొచ్చు. బైలాలు సభ్యులే రాసుకుంటారు. స్వచ్ఛంద సభ్యత్వం, మనిషికో ఓటు లాంటి సహకార సూత్రాలు చట్టంలోకే ఎక్కాయి. అదే ఏడాది మాంచెస్టర్‌లో అంతర్జాతీయ సహకార కూటమి ఏడు సూత్రాల ప్రకటన చేసింది.

ఆ సూత్రాలన్నిటి అడుగున ఉన్న సంగతి ఒకటే: డబ్బు దాచేవాడూ, అప్పు తీసుకునేవాడూ, ఓటేసేవాడూ ఒకే మనిషి. ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956 నుంచి దీని మీదే నిలబడింది. అప్పు ఇచ్చేదీ, ఎరువు అమ్మేదీ, పంట కొనేదీ ఆ సంఘమే, కాబట్టి లెక్క తేడా వస్తే రైతుకు తెలియకుండా పోదు. వరంగల్, కరీంనగర్ పల్లెల్లోని మహిళా పొదుపు సంఘాలదీ ఇదే దారి. నెలనెలా పొదుపు, దాచినదాన్ని బట్టి అప్పు. గేదె కోసమని అప్పు తీసుకున్నామె గేదెను కొన్నదో లేదో పక్కింటామెకు తెలుసు. ఆడిటరు కంటే ఆ చూపే గట్టి కాపలా.

పట్నాల్లో పుట్టిన కొన్ని సొసైటీల్లో ఈ ముడి విడిపోయింది. ఎక్కువ వడ్డీ ఆశతో రిటైరైన ఉద్యోగి పీఎఫ్ డబ్బు తెచ్చి కడతాడు. దరఖాస్తుతో పాటు చిన్న రుసుముకో రసీదు కోస్తారు, అతను నామమాత్రపు సభ్యుడైపోతాడు. ఓటు ఉండదు, మహాజన సభకు పిలుపు రాదు. అప్పులు మాత్రం పాలకవర్గం చుట్టూ తిరిగే నలుగురికే. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

అధికారుల వాదన వేరు: ఈ చట్టం మా చేతులు కట్టేసింది, అంటారు. కానీ విచారణ జరిపే అధికారం సహకార సంఘాల రిజిస్ట్రారుకు ఆ చట్టంలోనే ఉంది. చేతులు విప్పుకున్న సందర్భమూ ఒకటి ఉంది. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సవరణ తెచ్చి డెయిరీలను మ్యాక్స్ చట్టం నుంచి లాగేసుకోబోయింది. హైకోర్టు కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. అప్పట్లో పాల సంఘాల మీద చూపిన చురుకు డిపాజిట్లు దండుకునే కౌంటర్ల మీద చూపి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

సభ్యులు కానివారి దగ్గరా, నామమాత్రపు సభ్యుల దగ్గరా సహకార సంఘాలు డిపాజిట్లు తీసుకుంటున్నాయనీ, పేరులో ‘బ్యాంకు’ అని వాడుతున్నాయనీ, జాగ్రత్తగా ఉండమనీ 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. ఆర్నెల్లు తిరక్కుండానే, 2022లో, కాకినాడలో ఒక మ్యాక్స్ సొసైటీ డిపాజిట్‌దారులు వీధిన పడ్డారు.

సర్కారు పర్యవేక్షణ ఉంటే చాలనేవాళ్లు ముంబయి పీఎంసీ (పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్) బ్యాంకును గుర్తు చేసుకోవాలి. అది రిజర్వు బ్యాంకు కనుసన్నల్లోనే ఉండేది. అప్పుల్లో సింహభాగం ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకు పోయిందని 2019లో బయటపడింది. ఆంక్షలు పెట్టిన మొదట్లో ఖాతాదారుడు తీసుకోగలిగింది వెయ్యి రూపాయలు. కాకపోతే అలాంటి బ్యాంకుల్లో డిపాజిట్ బీమా అయినా ఉంది, 2020 నుంచి దాని పరిమితి 5 లక్షలు. మ్యాక్స్ సొసైటీ ఇచ్చే బాండుకు ఆ బీమా వర్తించదు. కౌంటర్లో ఈ మాట ఎవరూ చెప్పరు, వడ్డీ ఎంతో మాత్రం గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది.