క్యోటో బస్సు చార్జీల గొడవ: అసలు మలుపు 1997లో, భూమి కింద

క్యోటోలో సిటీ బస్సు చార్జీల గొడవ మళ్లీ రాజుకుంది. ఊళ్లో ఉండేవాళ్లకు ఒక రేటు, బయటి నుంచి వచ్చేవాళ్లకు అంతకంటే ఎక్కువ రేటు పెడతామని 2024 ఫిబ్రవరి మేయర్ ఎన్నికల్లో గెలిచిన మత్సుయి కోజీ ఇచ్చిన హామీ చుట్టూనే చర్చంతా తిరుగుతోంది. వార్తల్లో టూరిస్టుల సూట్‌కేసులు, బస్టాపుల్లో బారెడు క్యూలు, నిండిపోయి ఆగకుండా వెళ్లిపోయే బస్సులు కనిపిస్తున్నాయి. టూరిస్టులు పెరిగిన మాట నిజమే, కానీ పద్నాలుగు లక్షల మంది ఉండే నగరంలో ఈ బరువంతా బస్సుల మీదే ఎందుకు పడిందో ఎవరూ చెప్పడం లేదు. నాకు తెలిసినంతలో దానికి జవాబు 1997 అక్టోబర్ 12. తోజాయ్ అనే భూగర్భ రైలు (సబ్‌వే) లైన్ మొదలైన రోజు అది. తోజాయ్ అంటే తూర్పు-పడమర.

ట్రాముల పాత చరిత్ర చాలామందికి తెలిసిందే, దాన్ని ఇక్కడ తిరగదోడను. 1978 సెప్టెంబర్ 30న సిటీ ట్రామ్ పూర్తిగా ఆగిపోయింది, 1981లో ఉత్తర-దక్షిణాలుగా కరసుమ సబ్‌వే లైన్ వచ్చింది, ఈ రెండు గుర్తుంటే చాలు. పట్టాలు తీసేసిన రోడ్ల మీద బస్సులు నడిచాయి. అప్పటికి అది తాత్కాలికం అనిపించేది, ఎందుకంటే రెండో లైన్ వస్తే నగరం మధ్యలో ప్లస్ గుర్తులా రెండు సబ్‌వేలు కలుస్తాయి, మిగతాది నెమ్మదిగా పూరించుకోవచ్చని అనుకున్నారు.

ఆ రెండో లైన్ పని 1989లో మొదలైంది. జపాన్ ఆర్థిక వ్యవస్థ బుడగలా ఉబ్బి భూముల ధరలు, కూలి రేట్లు, సామాను ఖర్చు ఆకాశంలో ఉన్న బబుల్ రోజులవి. పైగా హెయాన్ (క్యోటో పాత పేరు) రాజధాని కట్టి 1200 ఏళ్లు నిండే 1994కల్లా రైలు నడవాలని ముహూర్తం పెట్టుకున్నారు. క్యోటోలో ఎక్కడ తవ్వినా పాత రాజధాని బయటపడుతుంది, చట్టం ప్రకారం ముందు పురావస్తు తవ్వకాలు జరగాలి, ఆ తర్వాతే సొరంగం. కామో నది కింద నుంచి పోవాలి, ఒయికె వీధి కింద పెద్ద అండర్‌గ్రౌండ్ షాపింగ్ సెంటర్, పార్కింగ్ కూడా కట్టాలి. 1994 ముహూర్తం దాటిపోయింది, మూడేళ్లు ఆలస్యమైంది, ఖర్చు తడిసి మోపెడై మొదటి అంచనాకు దాదాపు రెట్టింపైంది. అందులో చాలా భాగం అప్పే. ప్రయాణికులు మాత్రం అంచనాలో రాసుకున్నంత మంది రాలేదు.

ఇంకో ముడి కూడా పడింది. తోజాయ్ లైన్‌లో మిసాసాగి స్టేషన్ నుంచి సంజో కేహాన్ స్టేషన్ వరకు ఉన్న ముక్కను నగరం నేరుగా కట్టలేదు. నగరం, కేహాన్ అనే ప్రైవేటు రైల్వే లాంటి భాగస్వాములు కలిసి పెట్టిన ఒక కంపెనీ కట్టి, దాన్ని నగరానికి అద్దెకిచ్చింది. కాగితం మీద నగరం అప్పు తక్కువగా కనబడే ఏర్పాటు ఇది, కానీ 2009లో ఆ కంపెనీని మూసేశారు, ఆస్తితో పాటు భారమూ నగరం నెత్తినే పడింది.

సంజో నుంచి మిసాసాగి వరకు అంతకుముందు రైలు లేదా అంటే ఉంది, రోడ్డు మీదే ఉంది! కేహాన్ వాళ్ల కేషిన్ లైన్ సంజో నుంచి కేఅగే మీదుగా కొండ దాటి ఓత్సు దాకా నడిచేది. ఆ కేఅగేలోనే బివా సరస్సు కాలువ నీటితో నడిచే కరెంటు కేంద్రం ఉంది, జపాన్‌లో మొదటి ట్రాముకు 1895లో కరెంటు వెళ్లింది అక్కడి నుంచే. తోజాయ్ లైన్ తెరిచిన రోజే సంజో-మిసాసాగి మధ్య ఆ 3.9 కిలోమీటర్ల పాత లైన్‌ను మూసేశారు. కేషిన్ రైళ్లు ఇప్పుడు సబ్‌వే సొరంగంలోకి వస్తాయి, ఓత్సు వైపు కొండ ఎక్కుతాయి, అక్కడ కాసేపు మామూలు రోడ్డు మీద కార్ల పక్కనే పోతాయి. రైలంటే ఇష్టమున్నవాళ్లకు అంతకంటే అందమైన దృశ్యం లేదు. టికెట్ సంగతి వేరు: ఒకే కంపెనీ చార్జీతో అయిపోయే ప్రయాణానికి సబ్‌వే చార్జీ, కేహాన్ చార్జీ రెండూ కట్టాల్సి వచ్చింది. చాలామంది జెఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లకు మారిపోయారు. కొత్త లైన్ తెరిచి, పాత లైన్ ప్రయాణికుల్ని పోగొట్టుకున్నారు. ఇంత పెద్ద తప్పు గురించి ఇప్పటి చర్చలో ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంది.

నగరం మాట కూడా చెప్పాలి. సబ్‌వే లేకపోతే రోడ్లు ఇంకా ఇరుక్కునేవి, తూర్పు వైపున్న యమషినా, దైగో వాళ్లకు సిటీ మధ్యకు రావడం తేలికైంది, ప్లాట్‌ఫాం తలుపులతో లైన్ సురక్షితంగా నడుస్తోంది అంటారు. అందులో అబద్ధం లేదు.

అప్పు మాత్రం కదల్లేదు. 2004లో రొకుజిజోకి, 2008లో ఉజుమాసా తెన్‌జిన్‌గావాకి పొడిగించారు, మొత్తం 17.5 కిలోమీటర్లు, 17 స్టేషన్లు. 2010కల్లా సబ్‌వే ఖాతా ప్రభుత్వ చట్టం కింద ఆర్థిక పునరుద్ధరణ ప్రణాళిక రాసుకునే స్థితికి చేరింది. రోజుకు 50 వేల మంది ప్రయాణికుల్ని పెంచాలని లక్ష్యం పెట్టుకుని, సబ్‌వే ఉద్యోగులే రకరకాల ప్రచారాలు చేసి 2016లో, అనుకున్నదానికంటే రెండేళ్ల ముందే సాధించారు. వాళ్ల కష్టానికి దండం పెట్టాలి. తర్వాత కరోనా వచ్చి అదంతా తుడిచిపెట్టింది. చార్జీ ఇప్పటికే మొదటి 3 కిలోమీటర్లకు 220 యెన్‌లు, అంటే ఎంత దూరమైనా ఒకే రేటు ఉండే బస్సు కంటే కేవలం పది యెన్‌లు తక్కువ. ఆ 3 కిలోమీటర్లు దాటి ఒక స్టేషన్ ముందుకెళ్తే బస్సే చవక. అలాంటప్పుడు టూరిస్టులు బస్సు ఎక్కితే తప్పెవరిది?

అందుకే 2023లో బస్సు ఒక్కరోజు పాసు అమ్మకం ఆపేసి, బస్సు, సబ్‌వే కలిపిన 1,100 యెన్‌ల పాసు వైపు జనాన్ని తిప్పారు. 2024 జూన్‌లో టూరిస్టుల కోసం 500 యెన్‌ల స్పెషల్ బస్సులు వేశారు. కానీ టూరిస్టులు ఎక్కువగా వెళ్లే కింకకుజి గుడికి సబ్‌వే లేదు, కియోమిజు గుడికీ లేదు. సబ్‌వే ఎక్కమని చెప్పినా చివరికి బస్సే దిక్కు.

తోజాయ్ లైన్‌ని పడమరన రకుసాయ్ న్యూ టౌన్ దాకా తీసుకెళ్లే ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. 1976 నుంచి జనం అక్కడ కాపురాలు పెట్టుకుంటూ వచ్చారు. డబ్బు లేక లైన్ తెన్‌జిన్‌గావాలోనే ఆగింది. రకుసాయ్‌లో ఉండేవాళ్లు ఈ రోజుకీ హాంక్యూ అనే ప్రైవేటు రైల్వే స్టేషన్‌కో, జెఆర్ స్టేషన్‌కో బస్సులోనే వెళ్తున్నారు.