డ్రైవర్ లేని లారీ ఏం చెబుతుంది?

పిల్లలూ,

రోడ్డు పక్కన లారీ దొరికింది, డ్రైవర్ కనిపించట్లేదు, మరి పోలీసులు ఎక్కడ మొదలుపెడతారు అని మొన్న ఇద్దరూ ఒకటే అడగడం. ఫోన్లో చెబితే సగమే వింటారు, అందుకే రాస్తున్నా.

అన్నిటికంటే ముందు లారీని వదిలేసి చుట్టూ వెతకాలి. గుండె నొప్పొచ్చి దిగి నాలుగడుగులు వేసి పొదల్లో పడిపోయిన మనిషికి మన పరిశోధనతో పనిలేదు, నీళ్లూ డాక్టరూ కావాలి. అతను దగ్గర్లో లేడని తేలాకే క్యాబిన్ సంగతి.

క్యాబిన్లో నేనైతే మొదట సీటు చూస్తా. పొడుగువాడు సీటు వెనక్కి జరుపుకుంటాడు, పొట్టివాడు ముందుకు లాక్కుంటాడు, అద్దాలు కూడా ఎవరి కళ్లకు తగ్గట్టు వాళ్లు తిప్పుకుంటారు. డ్రైవర్ ఆరడుగుల మనిషై సీటు స్టీరింగ్‌కి అతుక్కుని ఉంటే, బండిని అక్కడిదాకా తెచ్చింది ఇంకొకరు అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు అనే అంటున్నా, వెనకాల పడుకోవడానికి అతనే ముందుకు జరిపి ఉండొచ్చు కదా! అందుకే లోపలి అద్దం వెనక వేలిముద్రలు కూడా వెతుకుతారు. స్టీరింగ్ తుడిచినవాడికి కూడా అద్దం సర్దిన సంగతి గుర్తుండకపోవచ్చు.

తర్వాత డీజిల్. తాళం ఆన్‌లోనే ఉండి ట్యాంకు ఖాళీ అయితే, ఇంజిన్ నడుస్తుండగానే అతను దిగి, తిరిగి రాకపోయి ఉండొచ్చు. పెద్ద లారీ ఊరికే నిలబడి ఇంజిన్ తిరిగినా గంటకు సుమారు 3 లీటర్లు తాగుతుంది, కాబట్టి ఆఖరిసారి ఎంత కొట్టించాడో, ఎంత దూరం వచ్చాడో తెలిస్తే ఎన్ని గంటలు అలా నిలబడిందో ఉజ్జాయింపుగా లెక్క కట్టొచ్చు. తాళం తీసి, తలుపు లాక్ చేసి ఉంటే కథే వేరు, అది తీరిగ్గా దిగిన మనిషి పని.

ఇప్పటి లారీల ఇంజిన్‌లో కంప్యూటర్ ఉంటుంది. గట్టిగా బ్రేక్ వేసినప్పటి వేగం, చివరిసారి ఆగిన తీరు చాలావాటిలో నమోదవుతాయి. ఐరోపాలో అయితే 2006 మే నుంచి కొత్త భారీ వాహనాలకు డిజిటల్ టాకోగ్రాఫ్ పెట్టారు, అందులో ఎవరి కార్డు పెట్టి నడిపారో, ఎంతసేపు నడిపారో ఉంటుంది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఇంజిన్ కంప్యూటర్‌లోని ఆ చివరి ఆగుడు రికార్డు శాశ్వతం కాదు, ఎవరో మహానుభావుడు లారీ స్టార్ట్ చేసి స్టేషన్‌దాకా నడుపుకుంటూ వెళ్తే పాతది చెరిగి కొత్తది పడొచ్చు. క్రేన్‌తో లాక్కెళ్లడం అందుకే. సీట్లో ఎవరూ కూర్చోకూడదు కూడా, జాగిలానికి వాసన చూపించాల్సింది ఆ సీటు గుడ్డే మరి.

లోపల మిగిలిన వస్తువులు ఇంకా ముఖ్యం. ఫోన్, పర్సు, చెప్పులు వదిలేసి మామూలుగా ఎవరూ దూరం వెళ్లరు. ఇన్సులిన్ కనిపిస్తే మాత్రం టెన్షన్ పెరుగుతుంది, ఎందుకంటే షుగర్ బాగా పడిపోయిన మనిషి తికమకపడి ఎటో నడిచి వెళ్లిపోవచ్చు.

ఇక చిన్నోడు అడిగిన నీలం వెలుగు. అది లూమినాల్ అనే రసాయనం చల్లితే వచ్చేది, తుడిచేసిన రక్తం మీద కూడా చీకట్లో మెరుస్తుంది. కానీ బ్లీచ్‌కీ మెరుస్తుంది, రాగికీ మెరుస్తుంది. క్యాబిన్ మెరిసిందని ఎవరైనా హత్య అనేస్తే, ల్యాబ్ రిపోర్ట్ వచ్చిందా అని అడగండి.

మీ పెదతాత