షాగ్ కట్: ఫొటోలో ఉన్న జుట్టు వేరు, మన తల మీద ఉన్నది వేరు

"అక్కా, నాకు సేమ్ ఇలాగే కావాలి" అంటూ ఫోన్ నా ముందు పెడతారు. విజయవాడలో పదహారేళ్లుగా కత్తెర పట్టుకుంటున్నాను. ఆ ఫొటోలో నేను ముందు కట్ చూడను. ఆమె జుట్టూ నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి జుట్టూ ఒక రకమేనా అని చూస్తాను. చాలాసార్లు కాదు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

షాగ్ అంటే మాడు దగ్గర పొట్టిగా, కిందికి వచ్చేకొద్దీ పొడుగ్గా పొరలు పొరలుగా కత్తిరించడం. నుదుటి మీద ముంగురులు పడతాయి, చివళ్లు గీత గీసినట్టు కాకుండా చెదిరినట్టుంటాయి. చూడ్డానికి నిర్లక్ష్యంగా కనిపిస్తుంది గానీ చేసేవాళ్లకి ఇది పక్కా లెక్క. జుట్టు బరువు ఎక్కడ తీయాలి, ఎక్కడ ఉంచాలి అన్న లెక్క. అది తలతలకీ మారుతుంది. కింద రాసిన అపోహలన్నీ ఆ లెక్క తప్పడం వల్ల పుట్టినవే.

అపోహ: ఇది కొరియా నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్.

యాభై ఏళ్లు దాటింది. న్యూయార్క్‌లో పాల్ మెక్‌గ్రెగర్ అనే హెయిర్‌డ్రెస్సర్ నటి జేన్ ఫోండాకి ఈ కట్ చేశాడు. 1971లో వచ్చిన 'క్లూట్' సినిమాలో ఆమె ఆ జుట్టుతో కనిపించాక అందరూ అదే అడగడం మొదలుపెట్టారు. తర్వాత జోన్ జెట్ లాంటి రాక్ గాయకులు దాన్ని తమ ముద్రగా చేసుకున్నారు. ఇప్పుడు కొరియా పేరుతో అడుగుతున్న వుల్ఫ్ కట్ అంటే షాగ్‌నీ, వెనక మాత్రమే పొడుగ్గా వదిలే మల్లెట్‌నీ కలిపిన రకం. అడిగేటప్పుడు ఈ తేడా తెలిసి ఉంటే మంచిది. వుల్ఫ్ కట్‌లో పైభాగం ఇంకా పొట్టిగా పోతుంది, అది పెరిగి దారికి రావడానికి చాలా కాలం పడుతుంది.

అపోహ: జుట్టు పల్చగా ఉంటే షాగ్ చేయించుకుంటే ఒత్తుగా కనిపిస్తుంది.

ఇది సగం నిజం. సగం నిజంతోనే ఎక్కువ నష్టం.

మనవాళ్లు 'పల్చటి జుట్టు' అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులు చెప్తారు. ఒకటి, వెంట్రుక పోగు సన్నగా ఉండటం. రెండోది, తల మీద వెంట్రుకల సంఖ్య తక్కువగా ఉండటం. ఒక వెంట్రుక తీసి వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఉందో లేదో తెలియకపోతే సన్నటి పోగు, కుట్టుదారంలా తగిలితే మొద్దు పోగు. తర్వాత తల ఆరబెట్టుకుని, పాపిడి తీయకుండా అద్దంలో చూడండి. మాడు దగ్గర చర్మం కనిపిస్తుంటే వెంట్రుకలు తక్కువ ఉన్నట్టు.

పోగు సన్నగా ఉన్నా వెంట్రుకలు బోలెడు ఉన్నవాళ్లకి షాగ్ నిజంగానే ప్రాణం పోస్తుంది. పైన బరువు తగ్గగానే కుదుళ్ల దగ్గర జుట్టు లేస్తుంది. వెంట్రుకలే తక్కువ ఉన్నవాళ్లకి మాత్రం అదే పని చేస్తే చివళ్లు ఎలుక తోకలా మిగులుతాయి. ఉన్న జుట్టులో సగం పైకి పోతే కింద ఇంకేం ఉంటుంది? అలాంటివాళ్లకి నేను పొడుగు భుజాల దగ్గరికి తెస్తాను, కింది అంచుని ముట్టుకోను, ముఖం పక్కన మాత్రం రెండు మూడు పొరలు వేస్తాను. థిన్నింగ్ కత్తెర, అంటే జుట్టుని పల్చబరిచే పళ్ల కత్తెర, అసలు బయటికి తీయను. ఎవరైనా తీస్తుంటే వద్దని చెప్పే హక్కు మీకుంది. పాపిడి ఈమధ్యే వెడల్పు అవుతోందని అనిపిస్తే ముందు చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి, కట్ సంగతి తర్వాత.

మొద్దు పోగుతో తిన్నగా ఉండే ఒత్తు జుట్టుది ఇంకో బాధ. పైపొర మరీ పొట్టిగా కత్తిరిస్తే వంగదు, ముళ్లపంది ముళ్లలా నిలబడుతుంది. వాళ్లకి పైపొర కనీసం జానెడు ఉంచి, బరువుని లోపలి పొరల్లో తీయాలి.

అపోహ: రింగుల జుట్టుకి షాగ్ నప్పదు.

నన్నడిగితే షాగ్ బాగా కుదిరేది అలల జుట్టుకీ, రింగుల జుట్టుకీనే. రింగుల జుట్టుని ఒకే పొడుగులో వదిలేస్తే పైన బరువుకి అణిగిపోయి, కింద విచ్చుకుని త్రికోణంలా తయారవుతుంది. పొరలు వేస్తే పైరింగులకి ఊపిరాడుతుంది. సమస్య కట్‌లో లేదు, కత్తిరించే పద్ధతిలో ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పని మొదలుపెట్టిన కొత్తలో రింగుల జుట్టున్న ఒక అమ్మాయికి తల తడిపి ముంగురులు కత్తిరించాను. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కనుబొమల మీదికి వచ్చాయి. ఆరబెట్టేసరికి స్ప్రింగులా లేచి నుదురు మధ్యలో ఆగాయి. పాపం, ఏమీ అనలేదు. అద్దంలో చూసుకుంటూ ఊరుకుంది. తిట్టినా బాగుండేది. తడిస్తే రింగు సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, అదీ తలలో ఒక్కోచోట ఒక్కో మేరకు. అప్పటి నుంచి రింగుల జుట్టుని పొడిగా, అది రోజూ ఉండే ఆకారంలోనే, రింగు రింగునీ చూసుకుంటూ కత్తిరిస్తున్నాను. ముంగురులు మొదటిసారి ముక్కు కొస దాకా ఉంచుతాను. ఇంకా తీయాలంటే ఎప్పుడైనా తీయొచ్చు, అతికించలేం.

మాది తిన్నటి జుట్టే అనుకునే చాలామందిది నిజానికి అలల జుట్టు. ఆరేలోపు దువ్వి దువ్వి దాన్ని తిన్నగా చేస్తున్నారంతే. ఒక ఆదివారం తలస్నానం చేసి, దువ్వెన పెట్టకుండా, ఏమీ రాయకుండా ఫ్యాను కింద ఆరనివ్వండి. అప్పుడు కనిపించేదే మీ అసలు జుట్టు. కట్ దానికి చేయించుకోవాలి.

జుట్టుని మందులతో తిన్నగా చేసే స్మూతెనింగో రీబాండింగో చేయించుకున్నవాళ్లు మాత్రం ఆగండి. ఆ జుట్టుకి వంపు ఉండదు కాబట్టి పొరలు ఒకదానిలో ఒకటి కలవవు, ఇంటి ముందు మెట్లలా విడివిడిగా కనిపిస్తాయి. కొత్తగా వచ్చే జుట్టేమో అలలుగా పెరుగుతుంది. పైన ఒక రకం, కింద ఇంకో రకం.

అపోహ: రేజర్‌తో చేస్తేనే అసలైన షాగ్.

సన్నటి, తిన్నటి జుట్టుకి కొత్త బ్లేడుతో చేస్తే చివళ్లు మెత్తగా వస్తాయి. రింగులకీ, పొడిబారిన జుట్టుకీ, రంగు వేసిన జుట్టుకీ రేజర్ పెడితే చివళ్లు పీచులా రేగుతాయి. కత్తెర మొనతో నిలువుగా గాట్లు పెట్టినా అదే చెదిరిన అంచు వస్తుంది.

అపోహ: షాగ్‌కి స్టైలింగ్ అక్కర్లేదు, నిద్రలేచి అలాగే వెళ్లిపోవచ్చు.

అలల జుట్టున్న అదృష్టవంతులకి దాదాపు నిజమే. మిగతావాళ్లకి పది నిమిషాలైనా పడుతుంది.

నీళ్లు తగిలితే వెంట్రుక లోపలి బంధాలు కొన్ని సడలుతాయి. ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ బిగుస్తాయి. కాబట్టి షాగ్ అందమంతా ఆరబెట్టే తీరులోనే ఉంది. టవల్‌తో రుద్దకుండా అద్ది, నురుగులా వచ్చే మూస్ కోడిగుడ్డంత తీసుకుని కుదుళ్ల దగ్గర రాయండి. తల కిందికి వంచి చేత్తో చెదరగొడుతూ ఆరబెట్టండి. అలలు, రింగులు ఉంటే డ్రైయర్‌కి డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే గిన్నెలాంటి మూతి) తగిలించి, జుట్టుని అందులో కూర్చోబెట్టి, తక్కువ వేడి మీద కదపకుండా ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాకే చేతివేళ్లతో విడదీయాలి. ముంగురులు మాత్రం అన్నిటికన్నా ముందు ఆరబెట్టుకోవాలి, అవి తమంతట తాము ఆరాయంటే ఇక మాట వినవు. నుదుటి మీద సుడి ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లంటారు, అదేమో గానీ ముంగురులు మాత్రం ఖాయంగా రెండుగా చీలతాయి.

మా ఊళ్లో వానాకాలం ఉక్కకి, విశాఖ సముద్రపు గాలికి ఇదంతా సాయంత్రానికి కొంత సడలుతుంది. గాల్లో తేమా నీళ్లే కదా. తిన్నగా సాగదీసిన స్టైల్ అప్పుడు పాడైనట్టు కనిపిస్తుంది, షాగ్ అంతగా కనిపించదు.

కొబ్బరినూనె మానేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోంచి ప్రోటీన్ పోవడం తగ్గుతుందని 2003లో మనదేశపు పరిశోధకులు ప్రచురించారు. ముందు రోజు రాత్రి రాసుకోండి. స్నానం తర్వాత రాస్తే మాత్రం పొరలన్నీ అతుక్కుని షాగ్ పోతుంది, నూనె జుట్టు మిగులుతుంది.

అపోహ: గుండ్రటి ముఖానికి పనికిరాదు.

ముఖం పక్కన మొదటి పొర బుగ్గల దగ్గర ఆగితే వెడల్పు పెరిగినట్టుంటుంది, గడ్డం కిందికి దింపితే ముఖం సాగినట్టుంటుంది. రెండంగుళాల తేడా, అంతే.

అపోహ: పొరలు కత్తిరిస్తే జుట్టు ఇంకా గుబురుగా పెరుగుతుంది.

తిరుమలలో గుండు చేయించాక జుట్టు ఒత్తుగా వచ్చిందని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. కోసిన అంచు మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి అలా తగులుతుంది. జుట్టు పుట్టేది చర్మం కింద. కత్తెర అక్కడిదాకా పోదు. పెరుగుదల నెలకి సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ. ముంగురుల్ని నాలుగైదు వారాలకోసారి సరిచేయించుకోవాలి, మిగతా కట్ మూడు నెలలు ఆగుతుంది.

అపోహ: పెళ్లికి జడ కావాలంటే సవరం ఉందిగా!

సవరం కింద పొడుగు ఇస్తుంది. షాగ్‌లో పోయేది పైన. మాడు మీది పొట్టి పొరలు జడ పాయల్లోకి అందవు, ప్రతి మడతలోంచీ బయటికి పొడుచుకొస్తాయి. పూలజడ కట్టేవాళ్లు పిన్నులతో, జెల్‌తో అణచిపెట్టగలరు గానీ ముహూర్తం తెల్లవారుజామునైతే అప్పటికి సగం ఊడి ఉంటాయి. ఆరంగుళాల పైపొర పన్నెండంగుళాలు కావాలంటే, పైన చెప్పిన లెక్కన ఏడాది పైమాటే. మాఘంలో పెళ్లి పెట్టుకుని కార్తీకంలో షాగ్ అడిగిన అమ్మాయికి ముఖం పక్కన పొరలు మాత్రం వేసి, మాడు ముట్టుకోకుండా పంపాను. మిగతాది పూలజడ అయ్యాక చేద్దామన్నాను.