‘వారంటీ అయిపోయిందట సార్’: చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాల కొనుగోలుదారుల అపోహలు - వాస్తవాలు

గత నెల ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. ఇంట్లోనే బట్టలు కుడతారు. ఏడాది కిందట అప్పు చేసి తన కోసం బ్యాటరీ చక్రాల కుర్చీ కొన్నారు. జాయ్‌స్టిక్ ముందుకు నెడితే కుర్చీ ఎడమకు లాగుతుంది. మూడుసార్లు బాగుచేయించారు. మూడోసారి ఏడు వారాలు దుకాణంలోనే పడి ఉంది. ఇంటికి తెచ్చిన నాలుగో రోజున మళ్లీ అదే లాగుడు. “వారంటీ పదకొండు రోజుల కిందటే అయిపోయిందట సార్. ఇక మా ఖర్మేనా?” అన్నారు.

ఖర్మేమీ కాదమ్మా. వినియోగదారుల కేసులు చూసే నాకు ఈ మాట వినని నెల ఉండదు. ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి జనం పోగొట్టుకున్న డబ్బుకు లెక్క లేదు.

అపోహ: కార్డు మీది తేదీ దాటితే అడిగే హక్కు పోయినట్టే.

వాస్తవం: చూడవలసింది లోపం ఎప్పుడు బయటపడింది, మీరు ఎప్పుడు చెప్పారు అన్నది. గడువులో ఉండగా చెప్పిన లోపం బాగుచేశాక కూడా తిరగబెడితే అది కొత్త లోపం కాదు, తీరని పాత లోపం. కుర్చీని ఏడు వారాలు తమ దగ్గరే పెట్టుకుని, ఆ రోజులను కూడా మీ వారంటీ గడువులోంచి కోస్తామంటే ఎలా ఒప్పుకుంటాం? వారంటీ కార్డు కంపెనీ ఇచ్చిన మాట, అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఇచ్చిన గడువు వేరు: వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి దారితీసిన సంగతి, తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు.

అయితే ఆ రెండేళ్లు ఎవరి కోసమూ ఆగవు. “పార్టు సోమవారం వస్తుంది” అని దుకాణం వాళ్లు చెబుతూనే ఉంటారు. ఉత్తరాలు రాసుకుంటూ, ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటే గడువు పెరగదు. తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

మరి చెప్పినట్టు రుజువేది? ఆవిడ సంచిలో మూడు జాబ్ షీట్లు, అంటే మరమ్మతుకు ఇచ్చినప్పుడు దుకాణం రాసిచ్చే చీటీలు, ఉన్నాయి. రెండింటి మీద ‘జనరల్ చెకప్’ అని మాత్రమే ఉంది. మొదటి దాని అంచున మాత్రం కొడుకు పట్టుబట్టి తన చేత్తో ‘ఎడమకు లాగుతోంది’ అని రాసి, తేదీ వేసి, దుకాణం ముద్ర వేయించాడు. ఆ మూడు ముక్కలే ఇప్పుడు కేసుకు ఆధారం. బిల్లేమో ఎండకు తెల్లకాగితమైపోయింది. కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి. కుర్చీ ఎలా నడుస్తోందో వీడియో తీయండి.

ఇంత చెప్పే నేనూ ఒకసారి తప్పటడుగు వేశాను. మా నాన్నగారి వినికిడి యంత్రం మూగబోతే, తెలిసిన దుకాణమే కదా అని రసీదు లేకుండా ఇచ్చి వచ్చాను. వారం తర్వాత “లోపల తేమ చేరింది, వారంటీ వర్తించదు” అన్నారు. ఇచ్చినప్పుడు ఎలా ఉందో రాసిన కాగితం లేదు. నోరు మూసుకుని డబ్బు కట్టాను. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లాయర్ లేకుండా కేసు వేయలేమన్నది తప్పు. మీరే వాదించుకోవచ్చు, వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. కంపెనీ ఉన్న ఊరికి పోనక్కరలేదు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. కొన్నది కొడుకైనా, అతని సమ్మతితో వాడే తల్లి కూడా వినియోగదారే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కేసు పెట్టినట్టు కాదు. అది రాజీకి మంచి దారి, తీర్పు ఇచ్చే చోటు కాదు. ఆన్‌లైన్‌లో కొంటే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. బయట టైరు మార్పించారని వారంటీ రద్దు చేస్తామంటే, టైరుకూ జాయ్‌స్టిక్‌కూ సంబంధమేమిటో రాసిమ్మనండి. చాలామంది అక్కడే తగ్గుతారు.

కంపెనీలను మాత్రమే తిడితే అన్యాయం. కృత్రిమ కాలు సాకెట్ (మిగిలిన కాలు దూర్చే తొడుగు) కొన్ని నెలలకు వదులైందని లోపం అంటూ వస్తారు. శస్త్రచికిత్స తర్వాత మిగిలిన కాలు సన్నబడడం మామూలే, సాకెట్ మార్చుకోవాలి. కొలత తప్పుగా తీసి మొదటి వారమే పుండు పడితే అది వేరు, దాన్ని సేవాలోపం కింద అడగవచ్చు.

ఆవిడ ఫిర్యాదు గత వారం దాఖలైంది. కుర్చీని పరీక్షకు పంపమని కూడా కోరాం. అందాకా కుట్టు మిషను దగ్గరికి ఆమెను కొడుకే ఎత్తుకెళ్లి కూర్చోబెడుతున్నాడు. దానికి అడిగిన పరిహారం ఫిర్యాదులో వేరే పేరాగా ఉంది.