1987 కచేరీ అంత క్లియర్‌గా ఉంటే మా నాన్నగారిది ఎందుకు రాదు?

పాత వీడియో టేపులను డిజిటల్‌లోకి మార్చడం నా పని. నెలకు ఒకరైనా ఏదో ఒక విదేశీ కచేరీ వీడియో చూపించి ఒకే ప్రశ్న అడుగుతారు. ఈసారి అడిగినావిడ రాజమండ్రి నుంచి వచ్చారు. వాళ్ళబ్బాయికి ప్రోగ్రెసివ్ రాక్ అనే పాశ్చాత్య సంగీతం పిచ్చి. ఇంగ్లండ్ గాయకుడు పీటర్ గాబ్రియల్ కచేరీ ‘లైవ్ ఇన్ ఏథెన్స్ 1987’ బ్లూ-రే డిస్కు కొని ఇంట్లో టీవీలో పెట్టాడట. "ఆయన మొహం మీద చెమట కూడా కనిపిస్తోందండీ. మా నాన్నగారి వయొలిన్ కచేరీ 1994ది. దానికంటే ఏడేళ్ళు కొత్తది. అంత క్లియర్‌గా చేసి పెట్టండి" అంటూ ఒక సీడీ నా చేతిలో పెట్టారు.

అపోహ: పాత వీడియోకి క్లారిటీ తర్వాత ఎక్కించుకోవచ్చు. కాపీ ఉంటే చాలు, ఒరిజినల్ అక్కర్లేదు.

జనాన్ని ఎక్కువగా ముంచుతున్నది ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

గాబ్రియల్ 1975లో జెనెసిస్ బృందం వదిలి సోలోగా పాడడం మొదలుపెట్టాడు. 1987 అక్టోబరులో ఏథెన్స్‌లోని లైకబెటస్ కొండ మీద, ఆరుబయలు థియేటర్‌లో జరిగిన ఆయన కచేరీలను సినిమా తీసినట్టే ఫిల్మ్ మీద తీశారు. దర్శకుడు మైఖేల్ చాప్‌మన్, హాలీవుడ్‌లో పేరున్న ఛాయాగ్రాహకుడు. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ. 1990లో అది ‘పీఓవీ’ పేరుతో వీహెచ్‌ఎస్ టేపుగా వచ్చింది. అప్పట్లో ఆ టేపు చూసినవాళ్ళకు కనిపించింది కూడా మన పెళ్ళి క్యాసెట్లలో కనిపించే మసకే. 2012లో డీవీడీ, 2013లో బ్లూ-రే వచ్చినప్పుడు ఆ వీహెచ్‌ఎస్‌ను ఎవరూ ముట్టుకోలేదు. పాతికేళ్ళుగా దాచి ఉంచిన ఫిల్మ్ దగ్గరికే తిరిగి వెళ్ళారు. ఆ చెమట చుక్క 1987లోనే ఫిల్మ్ మీద పడింది. ఎవరూ తర్వాత పెట్టలేదు.

ఇప్పుడు ఆ సీడీ సంగతి. 2000 తర్వాత మన ఊళ్ళలో క్యాసెట్లన్నిటినీ వీసీడీలు, అంటే వీడియో సీడీలు, చేయించుకున్నారు గుర్తుందా? వీసీడీలో బొమ్మ సైజు 352×288. డీవీడీలో 720×576. బ్లూ-రేలో 1920×1080. అంటే బ్లూ-రేలో ఇరవై చుక్కలున్న చోట వీసీడీలో ఒక్కటే ఉంటుంది. పైగా సీడీలో పట్టేలా కుదించడంలో చేతివేళ్ళు కదిలిన ప్రతిచోటా బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది. వయొలిన్ కచేరీలో చూడాల్సిందే ఆ వేళ్ళు.

"అసలు టేపు ఉందాండీ?" అని అడిగాను.

"సీడీ చేసినాయన ఇక టేపుతో పనిలేదన్నాడండీ. పాత సామాన్లవాడికి వేసేశాం."

ఇలాంటి మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆమె మీద కాదు. ఆమె తప్పేమీ లేదు, షాపువాడు చెప్పింది నమ్మారు. ఆ సలహా ఇచ్చినవాళ్ళ మీదే నా కోపం.

ఏఐతో పెంచేయొచ్చు కదా అని వెంటనే అడుగుతారు. ప్రయత్నించాను, చాలాసార్లు. ఉన్నదాన్ని కాస్త నునుపు చేయడం వరకు పనికొస్తుంది. లేనిదాన్ని మాత్రం ఊహించి గీస్తుంది. ఒక పెద్దాయన బుగ్గ మీది పుట్టుమచ్చను మరకనుకుని తుడిచేసింది. మృదంగం మీద రెండు వేళ్ళను ఒకటి చేసింది. ఇంట్లోవాళ్ళు చూసి "బాగుంది కానీ ఈయన మా తాతయ్యలా లేడు" అన్నారు. ఆ మాట విన్నాక మొహాలున్న చోట నేను దాన్ని వాడటం బాగా తగ్గించేశాను.

కాబట్టి దయచేసి వినండి. డిజిటల్ చేయించాక కూడా టేపు పారేయకండి. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్ని విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. పుస్తకంలా నిలబెట్టి, తడి తగలని చోట పెట్టండి. చేయించేటప్పుడు వాట్సాప్‌లో పంపుకునే చిన్న ఫైలుతో సరిపెట్టుకోకండి. నాణ్యత తగ్గకుండా తీసిన పెద్ద ఫైలు కూడా అడిగి తీసుకోండి. గంటకు దాదాపు 30 జీబీ అవుతుంది, హార్డ్ డిస్క్ ఖర్చు భరించాల్సిందే.

అపోహ: టేపు మీద తెల్ల బూజు కనిపిస్తే ఇక పోయినట్టే.

పోయినట్టు కాదు. కోస్తా ఊళ్ళ నుంచి వచ్చే టేపుల్లో బూజు మామూలే. శుభ్రం చేస్తే చాలావరకు వస్తాయి. ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళున్నారు. టెన్షన్ పడకండి, కానీ ఒక్కసారి చూద్దామని వీసీఆర్‌లో మాత్రం పెట్టకండి. టేపు తెగేది, టేపును చదివే వీసీఆర్ హెడ్ పాడయ్యేది అప్పుడే.

అపోహ: లైవ్ వీడియో అంటే ఒక్క రాత్రి జరిగింది జరిగినట్టు.

గాబ్రియల్ మరో కచేరీ వీడియో ‘సీక్రెట్ వరల్డ్ లైవ్’ 1993 నవంబరులో ఇటలీలోని మోడెనాలో రెండు రాత్రులు తీసింది. ఏ రాత్రి బాగా వచ్చిన షాట్ ఆ రాత్రి నుంచి తీసుకుంటారు. అందులో మోసమేమీ లేదు. వేదిక రూపకల్పన రాబర్ట్ లెపాజ్‌ది, వయొలిన్ మన మద్రాసు ఎల్. శంకర్‌ది. మొదటి పాటలో గాయకుడు ఎర్ర టెలిఫోన్ బూత్‌లోంచి రిసీవర్ పట్టుకుని బయటికొస్తాడు, తీగ వెనక్కి లాగుతుంటుంది. వీహెచ్‌ఎస్ టేపు అలాంటి ఎరుపును సరిగ్గా పట్టుకోలేదు. ఆ రంగు అంచులు దాటి పక్కకు కారిపోతుంది. మన పెళ్ళి క్యాసెట్లలో పట్టుచీర ఎరుపు కారిపోయేది అందుకే. టీవీ సెట్టింగులు మార్చి లాభం లేదు.

అపోహ: బొమ్మలో సన్నటి ఇసుకలా కదులుతుంటే డిస్క్ చెడ్డది.

అది ఫిల్మ్ రేణువు, ఫిల్మ్‌లో సహజంగా ఉండే గరుకు. ఉండాలి. దాన్ని పూర్తిగా తుడిచేస్తే మొహాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి.

అపోహ: విదేశాల నుంచి తెచ్చిన డిస్కులేవీ ఇక్కడ ఆడవు.

కొన్ని ఆడవు. ఏ డిస్కు ఏ దేశాల్లో ఆడాలో చెప్పే కోడ్‌ను రీజియన్ అంటారు. డీవీడీల్లో మనది రీజియన్ 5, అమెరికాది 1. బ్లూ-రేలో మనది సి, వాళ్ళది ఎ. కానీ అన్ని రీజియన్లకూ పనికొచ్చేలా చేసిన సంగీత డిస్కులు చాలా ఉన్నాయి. అట్ట వెనక చూసి కొనండి.

మళ్ళీ రాజమండ్రి ఆవిడ దగ్గరికి వస్తాను. ఆమె వెళ్ళబోతుంటే అడిగాను, ఆ కచేరీ వీడియో ఎవరు తీశారని. సాధారణంగా ఇంటికి ఇచ్చే క్యాసెట్ కాపీయే. కెమెరా టేపు తీసినాయన దగ్గరే ఉండిపోతుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, స్టూడియో మూతపడింది అన్నారు. అయినా వాళ్ళింట్లో ఒకసారి కనుక్కోమన్నాను.

మొన్న ఫోన్ చేశారు. ఆయన కొడుకు సామర్లకోటలో దొరికాడట. అటక మీద రెండు అట్టపెట్టెల నిండా టేపులున్నాయట, కొన్నిటి మీద పేర్లు చెరిగిపోయాయట. "దులపకండి, వీసీఆర్‌లో పెట్టకండి. రెండు పెట్టెలూ ఎలా ఉన్నవి అలాగే తీసుకురండి" అన్నాను. ఆదివారం వస్తున్నారు.