ప్రింటర్ 'ఆఫ్‌లైన్' అంటే...

నిన్నటిదాకా బాగా పనిచేసిన ప్రింటర్‌ను ఇవాళ కంప్యూటర్ 'ఆఫ్‌లైన్' అంటుంది. వెళ్లి చూస్తే లైటు వెలుగుతూనే ఉంటుంది, వైఫై గుర్తూ ఉంటుంది. చాలాసార్లు చెడింది ప్రింటర్ కాదు, మారింది దాని అడ్రస్.

ఇంట్లో ప్రతి పరికరానికీ రౌటర్ ఒక ఐపీ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరును, అద్దెకిస్తుంది. గడువు చాలా రౌటర్లలో 24 గంటలు. ఆన్‌లో ఉన్న ప్రింటర్ సగం గడువు కాగానే తనే పొడిగించుకుంటుంది. వారం రోజులు ఆపేస్తే మాత్రం ఆ నంబరు ఏ ఫోనుకో పోవచ్చు. అప్పుడు 192.168.1.12లో ఉన్న ప్రింటర్ 17లోకి మారుతుంది. కంప్యూటర్ పాత ఇంటి తలుపే తడుతూ ఉంటుంది.

దీనికి మందు రౌటర్‌లో ఉంది. ముందు ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీయండి. అక్షరాలు, అంకెలు రెండేసి చొప్పున ఆరు జతలుగా కనిపించేది మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరం గుర్తింపు నంబరు. వైఫైకి, కేబుల్‌కి ఇది వేర్వేరుగా ఉంటుంది, వాడుతున్నదే తీసుకోవాలి. బ్రౌజర్‌లో రౌటర్ పేజీ (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1) తెరిచి, డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే ఏర్పాటు) విభాగంలోని అడ్రస్ రిజర్వేషన్‌లో ఆ మ్యాక్‌కు 192.168.1.50 లాంటి ఖాళీ నంబరు కేటాయించండి. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ మీ రౌటర్‌వే ఉండాలి. తర్వాత ప్రింటర్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేయండి. ప్రింటర్‌లోనే అడ్రస్ చేత్తో పెట్టవచ్చు గానీ, అది అంత మంచి పద్ధతి కాదు: రేపు వేరే అడ్రస్ వరుస వాడే రౌటర్ వస్తే ప్రింటర్ ఎవరికీ దొరకదు.

విండోస్ తనంతట తాను కనిపెట్టిన ప్రింటర్ తరచూ డబ్ల్యూఎస్‌డీ పోర్టు (విండోస్ పరికరాలను తనే వెతుక్కునే దారి) మీద కూర్చుంటుంది. దాన్ని తీసేసి, టీసీపీ/ఐపీ అడ్రస్‌తో, అంటే ఇందాక కేటాయించిన నంబరుతో, మళ్లీ చేర్చండి. ఈ పద్ధతిలో విండోస్ సాధారణంగా 9100 పోర్టు వాడుతుంది. అయినా ఆఫ్‌లైన్ అంటే, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, అక్కడ కాన్ఫిగర్ పోర్ట్ తెరిచి 'ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్' టిక్ తీసేయండి. ఎస్‌ఎన్‌ఎంపీ అంటే ప్రింటర్‌ను 'ఎలా ఉన్నావు' అని విండోస్ అడిగే పద్ధతి; ఆ ప్రశ్నకు ప్రింటర్ జవాబివ్వకపోతే, బతికున్నదాన్ని కూడా విండోస్ చచ్చినట్టే లెక్కేస్తుంది.

ఫోన్ల గొడవ వేరు. అవి 'ప్రింటర్ ఎవరైనా ఉన్నారా' అని నెట్‌వర్క్ అంతా వినపడేలా కేకేసి వెతుకుతాయి. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోను కేక సాధారణంగా ప్రింటర్‌దాకా చేరనే చేరదు. ప్రింటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో, ఫోను 5లో ఉంటే మాత్రం మామూలుగా ఇబ్బంది ఉండదు. రెండూ ఒకే నెట్‌వర్క్. మొదటిసారి సెటప్ చేసేటప్పుడు మాత్రం కొన్ని ప్రింటర్ యాప్‌లు ఫోను కూడా 2.4లోనే ఉండాలని పట్టుబడతాయి.

యూఎస్‌బీతో ఒక కంప్యూటర్‌కు తగిలించి షేర్ చేసిన ప్రింటర్‌కు ఈ తంటాలు తక్కువే. కాకపోతే ఆ కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తే ప్రింటూ ఆగిపోతుంది.